మన సంతోషాల లెక్క మనమే రాసుకుందాం



ఏప్రిల్ 14న చంద్రగిరి పక్కన ఒక దళితవాడలో బాబాసాహెబ్ జయంతి జరిపినాం. మీటింగు అయిపోయినాక పత్రికలు పంచుతా ఉంటే, ఒక అవ్వ పత్రిక అందుకోని, అట్టమీద బొమ్మ చూసి, మళ్ళా మా చేతిలోనే పెట్టింది. "ఏంది నాయనా, మీ పుస్తకం తెరిస్తే సావులూ కొట్లాటలే గదా. మేం ఏడ్సేదానికే పుట్టినామా? మేం నవ్విన సంగతి ఒకటన్నా రాయకూడదా?" అని అడిగింది.

మా దగ్గర జవాబు లేకపోయింది. అవ్వ మాటలో నిజం ఉండాది. దెబ్బ తిన్న దినం మనం పత్రిక వేస్తాం, ధర్నా చేస్తాం. దెబ్బ తినని దినాల్లో మన జనం ఎట్లా బతుకుతా ఉండారో రాయం. దళితుడంటే దెబ్బలు తినేవాడే అనే బొమ్మ ఊర్లోవాళ్ళు గీసినారనుకుంటే, దానికి రంగులు మనమే పూస్తా ఉండామేమో ఆలోచించాల.

అందుకని ఆ పొద్దు అక్కడే కూర్చోని ఒకటే మాట అడిగినాం. "మీకు బతుకులో బాగా సంతోషం వేసింది ఎప్పుడు?"

మొదట అవ్వే చెప్పింది. "కూలికి పొయ్యి ఎన్ని ఎకరాల చెనిక్కాయో పీకినా. ఒక్క కాయ నోట్లో వేసుకుంటే సామి కసిరేవాడు. మాకు ఎకరా డి.కె.టి. పట్టా వచ్చింది. రాళ్ళు ఏరి చెనిక్కాయే వేసినాం. నా చేన్లో మొదటి చెట్టు నేనే పీకి, మన్ను దులిపి, పచ్చికాయ నమిలినా. ఆ పాలరుచి ఇంకా నాలిక మీద ఉండాది."

పలక కొట్టే తాత ఇట్లా అన్నాడు. "వాళ్ళ సావులకి కొట్టినా, వాళ్ళ జాతర్లకి కొట్టినా. పిలిస్తే పోవాల, పొమ్మంటే రావాల. నా మనవరాలు పదో తరగతి పాసైన దినం ఎవరూ పిలవకనే పలక సెగకి కాచి నా వాకిట్లో కొట్టుకున్నా. అంత గట్టిగా యాడా కొట్టలేదు."

ఒక అక్క ఉపాధి పని సంగతి చెప్పింది. 2006 ఫిబ్రవరి 2న అప్పట్లో మన పక్క జిల్లా అయిన అనంతపురంలో, బండ్లపల్లిలో మొదలైంది ఆ పథకం. "అంతకు ముందు కూలి డబ్బులు చెయ్యి తగలకుండా పైనుంచి కొంగులో వేసేవాళ్ళు. పోస్టాఫీసు పుస్తకం మీద నా పేరు చూసినాక గదా నాకూ ఒక పేరుండాదని తెలిసింది. ఆడదానికి తక్కువ, మగోడికి ఎక్కువ అనే లెక్కా దాంట్లో లేకపోయె" అనింది.

తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో చదివే బిడ్డ సిగ్గుపడతానే చెప్పింది. "ఆరో తరగతిలో సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో చేరినప్పుడు నాకని ఒక ట్రంకుపెట్టె, దానికొక తాళంచెవి. మా ఇంట్లో తాళం వేసుకునేంత వస్తువే లేదు. ఆ చెవిని దారానికి కట్టి మెళ్ళో వేసుకోని పడుకునేదాన్ని."

ఒక పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. అందరూ లేస్తా ఉంటే అన్నాడు. "ఊరి నడీధిలో చెప్పులు చేతబట్టుకోని నడిచినోణ్ణి. ఇప్పుడు నా కొడుకు అదే ఈధిలో టపటపమని నడస్తాడు. ఆ సప్పుడు వినేదానికే నేను వాడి ఎనకాల నడస్తా."

ఇంకా ఎన్నో చెప్పినారు. తొలి వాన పడినప్పుడు మన్ను వాసన. వేడి రాగిసంగటి ముద్దలో గుంట చేసి పోసుకున్న పులుసు. జాతరలో బిడ్డకి కొనిచ్చిన గాజులు. టీ అంగట్లో అందరి గలాసులోనే టీ తాగి, ఆ గలాసు అందరి గలాసుల పక్కనే పెట్టి రావడం.

చూడండి, ఇందులో మేడల్లేవు, బంగారం లేదు. చిన్నవే. అయితే వానా సంగటీ తప్పిస్తే మిగిలిన వాటిలో ఏదీ మనకు ఊరకే రాలేదు. పట్టా వెనకాల ఎన్ని అర్జీలుండాయో, ఆఫీసుల చుట్టూ ఎన్ని తిరుగుళ్ళుండాయో. హాస్టలు వెనకాల అంబేద్కర్ ఉండాడు. చెప్పుల సప్పుడు వెనకాల, మొదట చెప్పులు తొడుక్కోని నడిచి తన్నులు తిన్న పేరు తెలియని మనిషి ఒకడుండాడు.

పెత్తందార్లకు మన ఏడుపు మీద కోపం లేదు. మన నవ్వు మీదే కోపం. ఇది మా మాట కాదు, చట్టమే ఒప్పుకున్న మాట. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 2015లో దాన్ని సవరించినారు. సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. మూడో సెక్షన్లో కొత్తగా చేర్చిన నేరాలు చదవండి. దళితుడు సైకిలెక్కితే, మోటారు సైకిలెక్కితే అడ్డుకోవడం. చెప్పులు తొడుక్కుంటే, కొత్త గుడ్డలు కట్టుకుంటే అడ్డుకోవడం. పెండ్లి ఊరేగింపు ఆపడం, పెండ్లికొడుకు గుర్రమో బండో ఎక్కితే దించడం. చెరువు, బావి, కొళాయి దగ్గరికి రానీయకపోవడం. జాతరలో కలవనీయకపోవడం. అంగట్లోకి, ఆస్పత్రిలోకి, సినిమా హాల్లోకి పోనీయకపోవడం. ఇవన్నీ నేరాలు. ఆరు నెలల నుంచి ఐదేండ్ల దాకా జైలు.

ఇది నేరాల పట్టీ. తిరగేసి చదివితే మనిషి సంతోషాల పట్టీ. కొత్త గుడ్డ, పెండ్లి, జాతర, సినిమా. వీటికి కాపలాగా పార్లమెంటు చట్టం చెయ్యాల్సి వచ్చిందంటే, ఈ దేశంలో మన సంతోషం ఎంత పెద్ద తగాదానో తెలుసుకోండి.

కారంచేడు 1985 జులై 17. ఆరుగురు మనవాళ్ళని చంపినారు. గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గర. చుండూరు 1991 ఆగస్టు 6. ఎనిమిది మందిని చంపినారు. దానికి నెల ముందు గొడవ మొదలైంది సినిమా హాల్లో. ఒక దళిత యువకుడి కాలు ముందు సీటాయనకు తగిలిందని. కడుపునిండా మంచినీళ్ళు, వారానికొక సినిమా. ఊర్లోవాళ్ళకు ఇవి లెక్కలోకి రాని సంగతులు. మనవాళ్ళు వీటికోసం ప్రాణాలిచ్చినారు.

మన తిరుపతి గంగమ్మ జాతరే చూడండి. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మకు బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం వేస్తారు. ఆడబిడ్డల్ని చెరిచే పాలెగాణ్ణి చంపేదానికి ఆ తల్లి ఈ రూపాలన్నీ ఎత్తిందని చెప్తారు. అన్ని కులాలవాళ్ళూ ఆనందంగా తోటి వేషం వేసుకుంటారు, మాతంగి కాళ్ళకు మొక్కుతారు. మంచిదే. అయితే ఒకటి అడుగుతా ఉండాం. సాయంత్రం మీరు రంగు కడుక్కుంటే తోటి వేషం పోతాది. తెల్లారి తిరుపతి ఈధుల్లో చీపురు పట్టే మనిషికి కడుక్కుంటే పొయ్యే రంగు ఏదీ లేదే! అమ్మవారి మీద తోటి వేషానికి మొక్కే చేతులు, నిజం తోటికి గలాసు అందించేదానికి ఎందుకు వెనకాడతాయి?

ఇంకొక మాట. "ఉన్నదాంతో తృప్తి పడండి, పేదోడి సంతోషం పెద్దోడికి లేదు" అని చెప్పేవాళ్ళు ఉండారు. ఈ మాట చెప్పేవాడు తన పదెకరాల మామిడితోపుతో తృప్తి పడడు, మన ఎకరా పట్టా మీద కన్నేస్తాడు. భూమిలేని పేదలకిచ్చిన భూమిని ఎవురూ కొనకూడదని 1977లోనే చట్టం చేసినారు. అయినా అప్పు కింద, తాగుడు కింద ఎంత భూమి చేతులు మారిందో మీ పల్లెలో మీకే తెలుసు. సంగటి ముద్దలో సంతోషం ఉండాది, నిజమే. సంగటి ముద్దతోనే సరిపెట్టుకోమనడం సంతోషం కాదు, మోసం.

సంతోషమని పేరు పెట్టుకోని వచ్చే దొంగలూ ఉండారు. సారా అట్లాంటిదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్ళు కొంగు బిగించినారు. ఆ పోరు మన జిల్లాకూ పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించక తప్పలేదు. కూలి డబ్బులు ఇంటికొచ్చిన రాత్రి ఆ ఇంట్లో ఎంత సంతోషమో ఆ అక్కల్ని అడగండి. మగోడి సీసా సంతోషం ఆడదాని ఏడుపు మీద నిలబడేది. ఒకరి ఏడుపు మీద నిలబడేదాన్ని మనం సంతోషమనకూడదు. ఊరు మనకు చేసింది మనం మన ఇంట్లో ఆడబిడ్డకు చేస్తే మన జై భీమ్‌కు విలువ లేదు. మాలపల్లె పెండ్లిలో మాదిగ పంక్తి వేరైతే, మాదిగపల్లె విందుకు మాల రాకుంటే, ఆ విందూ అంతే.

బాబాసాహెబ్ దీన్ని ముందే చెప్పినాడు. 1927లో మహాడ్‌లో చెరువు నీళ్ళు ముట్టించడంతో ఆగలేదు. ఆ ఏడాది డిసెంబర్‌లో మళ్ళా అక్కడ సభ పెట్టి, అంటరానితనం గుర్తుపట్టేటట్టు చీరలు కట్టుకోవద్దు, తక్కిన ఆడోళ్ళ మాదిరే నిండుగా కట్టుకోండని మన ఆడోళ్ళకు చెప్పినాడు. 1942 జులైలో నాగపూర్ సభలో ఈ పోరాటమే తనకు సంతోషమనీ, ఇది ఆస్తి కోసం కాదు, మనిషితనం కోసమనీ అన్నాడు. సంతోషం పోరాటం ముగిసినాక ఇచ్చే కూలి కాదు. తలెత్తి నడిచిన అడుగులోనే అది ఉండాది.

అందుకే కార్యకర్తలకు మా మనవి. ప్రతి మీటింగులో మొదటి పావుగంట మంచి కబురుకు ఇవ్వండి. ఏ బిడ్డ పాసైంది, ఏ పట్టా చేతికొచ్చింది, ఏ టీ అంగట్లో వేరు గలాసు పోయింది, పేర్లతో చెప్పించండి. పలక మన కోసం మనం కొట్టుకుందాం. పెండ్లి ఊరేగింపు ఊరి నడీధిలోనే తీయండి. ఎవరన్నా ఆపితే రాజీ పంచాయితీకి కూర్చోవద్దు. తేదీ, టైము, సాక్షుల పేర్లు రాసుకోని స్టేషనుకు పోండి. ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఉచితంగా ఇవ్వాల్సిందే, అది మీ హక్కు.

అవ్వ చెనిక్కాయ సంగతి ఇదిగో అచ్చు వేసినాం. ఈ పత్రిక తీసుకోని మళ్ళా ఆ వాడకు పోతాం. చదివి వినిపిస్తాం. ఈసారి తిరిగి చేతిలో పెట్టదనే మా నమ్మకం.

జై భీమ్!