కారు కరెంటు వెనక ఇంటిదాకా చేరుతోందా?

క్యారవాన్ అంటే మనకి ముందు గుర్తొచ్చేది షూటింగ్ స్పాట్‌లో హీరోగారి ఏసీ బస్సు. యూకేలో అర్థం వేరు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లది. ఫ్రిజ్, లైట్లు, సొంత బ్యాటరీ అన్నీ ఉంటాయి. దారిలో వాటికి కరెంటు ఇవ్వాల్సింది ముందున్న కారే.

మాంచెస్టర్‌లో ఉండే నా బీటెక్ ఫ్రెండ్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొని, అమ్మానాన్నలతో స్కాట్లాండ్ బయల్దేరాడు. ఫ్రిజ్‌లో వాళ్లమ్మగారి ఇన్సులిన్. ఆరు గంటల తర్వాత తెరిచి చూస్తే చల్లదనం అంతంతమాత్రం. బ్యాటరీ కూడా ఛార్జ్ కాలేదు. వెంటనే నాకు వీడియో కాల్. "ప్లగ్ బానే ఉందిరా, లైట్లూ వెలుగుతున్నాయి. మరేం రోగం దీనికి?"

అక్కడి కొత్త క్యారవాన్లకి 13 పిన్నుల ప్లగ్ ఉంటుంది. ఎక్కువ పిన్నులు బ్రేక్ లైట్లు, ఇండికేటర్ల లాంటివాటికే. 9వ పిన్నులో ఎప్పుడూ 12 వోల్టులు ఉంటాయి. 10వది మాత్రం కారు ఆన్‌లో ఉంటేనే పనిచేస్తుంది. లేకపోతే టీకి ఆగిన కాసేపట్లో ఫ్రిజ్ కారు బ్యాటరీని పీల్చేస్తుంది. అంటే లైట్లు వెలిగినంత మాత్రాన ఫ్రిజ్‌కి కరెంటు వెళ్తోందని కాదు.

వెళ్లినా సరిపోవాలిగా! ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా ఉన్న శివారు ఇంట్లో ఫ్యాన్ నీరసంగా తిరగడం చూశారా? ఇదీ అంతే. తీగ 7 మీటర్లు, పోను రాను 14 అనుకోండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 10 ఆంపియర్లు పారితే దాదాపు 1 వోల్టు దారిలోనే పోతుంది. ఈ ఫ్రిజ్ నడిచేది హీటర్ వేడితో (అవును, వేడితోనే చల్లబరుస్తుంది). వోల్టేజీ 10 శాతం తగ్గితే ఆ వేడి 19 శాతం పడిపోతుంది.

పైగా ఇప్పటి కార్లలో స్మార్ట్ ఆల్టర్నేటర్లు. కారు బ్యాటరీ నిండిందనిపిస్తే ఇంధనం ఆదా కోసం వోల్టేజీని 14 నుంచి 12.6 దగ్గరికి దించేస్తాయి. అందులో 1 వోల్టు తీగ తినేస్తే వెనక బ్యాటరీకి మిగిలేది 11.6. దాంతో ఛార్జింగ్ జరగదు. ఆ కోడ్ రాసినవాళ్ల లెక్కలో వెనక ఓ ఇల్లుందన్న సంగతే లేదు!

దీనికి మందు క్యారవాన్ బ్యాటరీ పక్కన పెట్టే డీసీ-డీసీ ఛార్జర్. తక్కువ వోల్టేజీ తీసుకుని 14 పైకి లేపి ఇస్తుంది. కాకపోతే పెద్ద ఛార్జర్ కొని అదే సన్న తీగకి తగిలించకండి, తీగ కాలుతుంది. కారు బ్యాటరీ నుంచి వేరే లావు తీగ లాగి, రెండు చివర్లా ఫ్యూజు వేయించాలి. ఫ్రిజ్‌ని ముందురోజు రాత్రే ఇంటి కరెంటు మీద చల్లబరచాలి. కారు కరెంటు ఆ చల్లదనాన్ని నిలబెడితే అదే పదివేలు.

మావాడు ఛార్జర్ పెట్టించాడు. ఇన్సులిన్ మాత్రం ఇప్పుడు కారులోనే, కూల్ బ్యాగ్‌లో, ఐస్ ప్యాక్‌కి తగలకుండా టవల్ చుట్టుకుని ప్రయాణిస్తోంది.