బాగున్నామని మాత్రలు ఆపొద్దు

సిరిసిల్లలో ఓ షెడ్డులో గుడ్డ నిల్వ రోజూ ఒకేలా ఉందంటే సాంచాలు ఆగిపోయాయనుకుంటామా? నేసినంతా అమ్ముడుపోతున్నా నిల్వ అంతే ఉంటుంది. హెచ్‌ఐవీదీ ఇదే లెక్క. వైరస్ సోకాక చాలామందిలో ఏళ్ల తరబడి లక్షణాలుండవు, రక్తంలో వైరస్ సంఖ్యా పెద్దగా మారదు. దాంతో అది నిద్రపోతోందని వైద్యులు సైతం ఒకప్పుడు భావించారు.

ఆ భావన తప్పని గణితం తేల్చింది. అమెరికాలో అలన్ పెరెల్సన్, డేవిడ్ హో బృందం బాధితులకు మందిచ్చి, వైరస్ ఎంత వేగంగా తగ్గుతోందో సమీకరణాలతో లెక్కగట్టింది. 1996లో వెల్లడించిన ఆ లెక్క ప్రకారం ఒంట్లో రోజుకు సుమారు 1,000 కోట్ల వైరస్‌లు పుడుతున్నాయి, దాదాపు అన్నే నశిస్తున్నాయి. పైకి ప్రశాంతంగా ఉన్నా, లోపల రోగనిరోధక కణాలు రోజూ బలవుతూనే ఉంటాయి.

మందులు ఈ ఉత్పత్తిని ఆపుతాయి. కానీ కొన్ని కణాల్లో వైరస్ దాగే ఉంటుంది. మాత్రలు మానేస్తే సాధారణంగా వారాల్లోనే మళ్లీ పెరుగుతుంది. అందుకే మీ ఇంట్లో ఎవరైనా ఈ మందులు వాడుతుంటే, ‘బాగానే ఉన్నా కదా’ అని ఆపనివ్వకండి. పనికోసం భివండీ, సూరత్ వెళ్లేవారు అక్కడి ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రానికి చికిత్స బదిలీ చేయించుకోవచ్చు. మందులు ఉచితం. అనుమానముంటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా పరీక్ష చేయించుకోండి. సలహాకు 1097కు ఫోన్ చేయండి.