శుభ్రం చేసిన రొయ్యలు, వంటలక్క కన్నీళ్లు

మన సంఘాల మీటింగుల్లో టీవీ మాట వస్తే చాలు, ఒక పెదవి విరుపు కనిపిస్తుంది. "ఆడవాళ్లంతా సీరియళ్లకి అతుక్కుపోయారు, ఇంక మీటింగులకేం వస్తారు" అంటారు. ఈ మాటతో నాకు పేచీ ఉంది. నేనూ టీవీ చూస్తాను. సాయంత్రం పూట మా నెల్లూరు తీరం పల్లెల్లో ఎవరింట్లో కూర్చుంటే ఆ ఇంట్లో పెట్టిందే చూస్తాను. చూసేవాళ్లని తప్పుపట్టడం సులువు. వాళ్లకి ఏం చూపిస్తున్నారు, ఏం చూపించడం లేదు అన్నది మాత్రం మనం ఎప్పుడూ కూర్చుని మాట్లాడుకోలేదు.

ముందు వంటల సంగతి చూద్దాం. 1995లో ఈటీవీ, జెమిని వచ్చాక తెలుగులో వంట కార్యక్రమాలు రోజువారీ వ్యవహారం అయ్యాయి. 2015లో ఈటీవీ వాళ్లు 'అభిరుచి' అని ఒక చానల్‌కి చానలే వంట కోసం మొదలుపెట్టారు. 2021లో జెమినిలో తెలుగు మాస్టర్ షెఫ్ వచ్చింది. వీటిలో నెల్లూరు చేపల పులుసు చేసి చూపించని చానల్ ఉందనుకోను. మామిడికాయ ముక్కలు ఎప్పుడు వెయ్యాలి, చింతపండు ఎంత చిక్కగా పిసకాలి, ఈరోజు వండి రేపు తింటే ఎందుకు రుచి, అన్నీ చెబుతారు. చాలావరకు సరిగ్గానే చెబుతారు. మా ఊళ్ల ఆడవాళ్లు తరతరాలుగా మట్టి దాకల్లో కూడబెట్టిన తెలివి అది. దానికి తెరమీద గౌరవం దొరికితే నాకు సంతోషమే.

కానీ ఆ కార్యక్రమాల్లో కావలసిన పదార్థాల జాబితా ఎలా మొదలవుతుందో గమనించారా? "శుభ్రం చేసిన రొయ్యలు పావు కిలో." "శుభ్రం చేసి ముక్కలు కోసుకున్న చేపలు అర కిలో." గాజు గిన్నెలో తెల్లగా, తడి కూడా లేకుండా సిద్ధంగా ఉంటాయి. ఎవరు శుభ్రం చేశారు? ఆ ఒక్క మాట వెనక ఎంత పని ఉందో మా తీరంలో ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది. తెల్లారకముందే పడవ ఒడ్డుకొచ్చే వేళకి అక్కడ నిలబడాలి. పాటలో సరుకు దక్కించుకోవాలి. గంపకెత్తి ఊరూరా తిరిగి అమ్మాలి. మిగిలినవి ఇంటికి తెచ్చి, పొలుసు గీకి, మొప్పలు పీకి, ఉప్పూ బూడిదా వేసి బండమీద రుద్ది, నాలుగు నీళ్లు పోసి కడగాలి. ఆ నీళ్లు ఎంత దూరం నుంచి మోసుకురావాలో అది మళ్లీ వేరే కథ. రొయ్యల షెడ్లలో పనిచేసే ఆడపిల్లల్ని చూడండి. రోజంతా ఐసులో ముంచిన రొయ్యలకి తలలు తీసీ తొక్కలు వలిచీ వేళ్ల చివర్లు పగిలి ఉంటాయి. సాయంత్రం అదే చేత్తో కారం కలుపుకోవాలంటే భయపడతారు. మన జిల్లా రొయ్య అమెరికా దాకా పోతుంది. ఆ వేళ్లు మాత్రం ఏ వంట కార్యక్రమంలోనూ కనపడవు.

వంట అంటే పొయ్యిమీద పావుగంట అని టీవీ చెబుతుంది. అసలు వంట దానికి ముందూ తర్వాతా ఉంది. కేంద్ర ప్రభుత్వమే 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు ఆ పనికే పెడుతున్నారు. మగవాళ్లు 88 నిమిషాలు. అది కూడా అసలంటూ ఆ పని చేసే మగవాళ్ల లెక్క. చెయ్యనివాళ్లు ఆ లెక్కలోకే రారు.

ఇక వంటకి తీర్పు చెప్పాల్సి వచ్చేసరికి పరిస్థితి మారిపోతుంది. తెలుగు మాస్టర్ షెఫ్‌లో రుచి చూసి మార్కులు వేసిన ముగ్గురు షెఫ్‌లూ మగవాళ్లే. వాళ్ల నైపుణ్యాన్ని నేను శంకించడం లేదు. ఇంట్లో వండితే ఆడదాని ధర్మం, హోటల్లో వండితే మగవాడి వృత్తి అనే పాత ఏర్పాటు తెరమీద కూడా చెక్కుచెదరలేదని మాత్రమే అంటున్నాను. దీనికి భిన్నంగా నాకు నచ్చినది ఒకటుంది, టీవీలోది కాదు, యూట్యూబ్‌లోది. గుంటూరు జిల్లా గుడివాడ మస్తానమ్మ. 2018లో చనిపోయేనాటికి ఆమెకి 107 ఏళ్లన్నారు. ఆరుబయట కట్టెల పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, అల్లాన్ని గోటితో గీకి, పుచ్చకాయలో కోడికూర వండింది. మేకప్ లేదు, పట్టుచీర లేదు. కూలి చేసి బతికిన చేతులు. ప్రపంచమంతా ఆ చేతుల్ని చూసింది. మన చానళ్లకి మాత్రం ఇప్పటికీ గాజు గిన్నెలే ముద్దు.

మరో సంగతి. వంట కార్యక్రమం చివర యాంకరమ్మ మొదటి ముద్ద తిని కళ్లు మూసుకుంటుంది. మన ఇళ్లలో వండినామె మొదటి ముద్ద తిన్న రోజు ఎవరికైనా గుర్తుందా? చేప నడిముక్క ఎవరి కంచంలోకి పోతుంది, తల ఎవరికి, చివరికి దాకలో మిగిలిన పులుసు ఎవరికి? ఈ ప్రశ్నని 2021లో వచ్చిన మలయాళ సినిమా 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్' సూటిగా అడిగింది. అందులో పెద్ద సంఘటనలేమీ లేవు. తరగడం, రుబ్బడం, నమిలి ఉమ్మిన ఎంగిలి ఎత్తిపొయ్యడం, కారే సింకు కింద గోనెపట్టా పరవడం, మళ్లీ తరగడం. ఒక వంటింటిని ఉన్నదున్నట్టు గంటన్నర చూపిస్తే చాలు, మగ ప్రేక్షకులు ఉలిక్కిపడ్డారు. ఆడవాళ్లకి అందులో కొత్తేమీ లేదు, రోజూ చేసేదే.

సీరియళ్ల దగ్గరికి వస్తాను. ఈ తీరంలో నేను ఎక్కువసార్లు చూసింది 'కార్తీక దీపం'. 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరి దాకా స్టార్ మాలో పదిహేను వందల పైచిలుకు ఎపిసోడ్లు నడిచింది. మలయాళ సీరియల్ 'కరుత్తముత్తు'కి ఇది తెలుగు రూపం. నల్లగా ఉందని అత్త చీదరించుకున్న దీప, భార్య శీలాన్ని శంకించిన డాక్టరు మొగుడు. నలుపు మీద మన సమాజానికున్న రోత గురించి కథ ఎత్తుకోవడం మంచిదే. కానీ నల్లపిల్ల కథ చెప్పడానికి నటి ముఖానికి నలుపు పూశారు. ఒక నల్లటి నటికి ఆ వేషం ఇవ్వడానికి ధైర్యం చాలలేదన్నమాట! మొగుడి అనుమానం ఒక్క డీఎన్ఏ పరీక్షతో తేలిపోయేది. దాన్నే ఏళ్ల తరబడి సాగదీశారు. ఈ మాట మొదట నాతో అన్నది ఏ విమర్శకులూ కాదు. వల బాగుచేస్తూ అరకంటితో టీవీ చూస్తున్న ఒక ముసలమ్మ. "ఆయప్ప డాక్టరంట గదా, ఆ పరీచ్ఛ ఉండాదని ఆయప్పకి తెలవదా? తెలిసే చేస్తుండాడు" అంది. చూసేవాళ్లకి బుర్ర ఉండదని అనుకునేవాళ్లు ఒకసారి ఆమె పక్కన కూర్చోవాలి.

అలాగని సీరియల్ హాని చెయ్యదని నేననను. భర్త అనుమానం భరించలేక ఇద్దరు బిడ్డలతో పుట్టింటికి వచ్చేసిన ఒకామె పంచాయితీకి నేను వెళ్లాను. పెద్దమనుషుల్లో ఒకాయన, "టీవీలో ఆ దీపని చూడమ్మా, ఎంత ఓర్చుకుందో. ఆడదానికి ఓర్పు కావాల" అన్నాడు. నలుగురూ తలలూపారు. 2005 గృహహింస చట్టం మాటలతో అవమానించడాన్ని కూడా హింస అనే చెబుతోంది. చట్టం హింస అన్నదాన్ని సీరియల్ ప్రేమకథలో ఒక మలుపుగా చేసింది, ఆ పెద్దమనిషి దాన్ని పంచాయితీలో సాక్ష్యంగా వాడుకున్నాడు. ఆ అమ్మాయి చెప్పిన జవాబు నాకిప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది: "ఆ దీపకి వంటపనన్నా ఉండాది మామా. నాకు పని చూపించు, నేనూ ఓర్చుకుంటా."

ఆమె పట్టుకున్నది అసలు కీలకాన్ని. దీప వదిన కాదు, అక్క కాదు, వంటలక్క. వండి అమ్మి, తన కాళ్లమీద తను నిలబడ్డ మనిషి. తెలుగు తెరమీద వంటకి కూలి దొరికిన అరుదైన సందర్భం అది. ఆ పేరు ఇంటింటికీ తెలిసింది. మరి అసలు వంటలక్కలు ఎక్కడున్నారు? మన ఊరి బడిలోనే ఉన్నారు. మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్లకి 2009 నుంచి కేంద్రం లెక్క నెలకు 1000 రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలు. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 3000 చేశారు. దినానికి లెక్కేస్తే వంద. 2024లో ఈ పథకానికి అడిగినవారికి లేదనకుండా అన్నంపెట్టిన డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఆ తల్లి పేరు పెట్టడం బాగుంది. అయితే ఆమె ఇష్టంతో చేసింది దానం, బడిలో ఈ ఆడవాళ్లు చేస్తున్నది ఉద్యోగం. దీప కన్నీళ్లకి ఐదేళ్లు కేటాయించిన చానళ్లు ఈ వంటలక్కల ధర్నాకి ఐదు నిమిషాలు కేటాయించవు.

సీరియళ్లలో విలన్లు ఎవరన్నది ఇంకో విషయం. 'కార్తీక దీపం'లో మోనిత, 'ఇంటింటి గృహలక్ష్మి'లో లాస్య. ఇల్లు కూల్చేది ఎప్పుడూ ఇంకో ఆడదే. మొగుడు పాపం మోసపోయిన అమాయకుడు. 2020లో మొదలైన 'గృహలక్ష్మి'లో తులసి విడాకులు తీసుకుంది, నిజమే, అది చూసి మా ఊళ్లో కొందరు చప్పట్లు కొట్టారు. తీసుకున్నాక కూడా మాజీ అత్తమామల మంచీచెడ్డా ఆమె భుజాలమీదే పడింది. మొగుడు పోయినా చాకిరీ పోలేదు.

ఈ సీరియళ్లు వచ్చే వేళ గురించి కూడా ఆలోచించాలి. మా జిల్లాలో 1990ల మొదట్లో రాత్రి ఏడు దాటాక ఆడవాళ్లు పలకలు పట్టుకుని అక్షరాస్యతా కేంద్రానికి వెళ్లేవాళ్లు. అక్కడి వాచకంలో ఒక కథ ఉండేది, సీతమ్మ కథ. సారా తెచ్చిపెట్టిన కష్టాల కథ. దాన్ని చదివి, మన ఊళ్లోనూ ఇంతే గదా అనుకున్నారు. దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. 1992లో అది జిల్లా ఉద్యమమైంది, వేలంపాటలు ఆగిపోయాయి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. దూబగుంట వాళ్లు చేసిన పని 'ఆడవాళ్లు ఏకమైతే' అని మళ్లీ పాఠంగా అచ్చయింది. టీవీ వచ్చి ఆ ఉద్యమాన్ని చంపేసిందని నేననడం లేదు. దాన్ని చంపినవాళ్లు వేరే ఉన్నారు, మద్యం ఆదాయం లెక్క చూసుకున్న ప్రభుత్వాలు. నేననేది, సీతమ్మ కథ విన్నాక దీపం కింద పదిమంది కూర్చుని మాట్లాడుకున్నారు. దీప కథ విన్నాక ఎవరింట్లో వాళ్లు తలుపేసుకుంటున్నారు. రెండూ ఆడదాని కష్టం గురించిన కథలే. మధ్యలో తీసేసింది ఆ మాట్లాడుకోవడాన్నే.

అందుకని మా దగ్గర ఈమధ్య ఒక పని మొదలుపెట్టాం. నెలకోసారి ఏదో ఒక సీరియల్ ఎపిసోడ్ అందరం కలిసి చూస్తాం. ప్రకటనల మధ్య టీవీ నోరు నొక్కి మాట్లాడుకుంటాం. మొదటిసారి నవ్వులే నవ్వులు. మంచంమీద పడుకున్నామెకి ఆ నగలేంది, ఆ పట్టుచీరేంది అని. రెండోసారి ఒకామె, "అత్త కొట్టింది గానీ, కొట్టమని చెప్పినోడు పక్కనే కాఫీ తాగుతుండాడు, వాణ్ణి చూడండే" అంది. ఈ మాట మనం శిక్షణా తరగతిలో రెండు రోజులు చెప్పినా ఇంత బాగా చెప్పలేం.

ఫిర్యాదు కూడా చెయ్యవచ్చు. కేబుల్ టీవీ చట్టం కింద ఉన్న కార్యక్రమ నియమావళి స్త్రీలని కించపరిచే ప్రసారాలు చెయ్యకూడదంటుంది, మూఢనమ్మకాలని ప్రోత్సహించకూడదని కూడా అంటుంది. 2021లో మార్చిన నిబంధనల ప్రకారం మొదట చానల్‌కే రాయాలి, పదిహేను రోజుల్లో వాళ్లు తేల్చాలి. తృప్తి కలగకపోతే పై మెట్టు ఉంది. 2011 నుంచి ఉన్న ప్రసార ఫిర్యాదుల మండలి ఆ మెట్టే. నిషేధించమని అడగడం నాకు ఇష్టంలేదు. నిషేధం కత్తి మొదట మన గొంతుకే తగులుతుంది.

మా వాళ్లు రాసుకున్న మొదటి ఉత్తరం ఒక వంట కార్యక్రమానికి. అందులో అడిగినవి రెండే. వచ్చే చేపల పులుసు ఎపిసోడ్‌కి మా తీరానికి వచ్చి, బతికిన చేపని బండమీద పడేసి పొలుసు గీకడం దగ్గర్నుంచి చూపించమన్నారు. గీకే పని ఆ రోజుకి షెఫ్‌గారినే చెయ్యమన్నారు.