సారీ చెప్పాల్సింది ఇసైవాణి కాదు

మా నాన్న అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ భిలాయిలో అందరూ ఆయన్ని 'స్వామి' అని పిలిచేవారు. ఖుర్సీపార్‌లో మా వీధివాళ్లే కాదు, మామూలుగా 'ఒరేయ్' తప్ప మరో పిలుపు తెలియని ఠేకేదార్ మనిషి కూడా. శ్రీకాకుళం నుంచి వలస వచ్చిన ఠేకా కూలీకి ఏడాదికొకసారి దొరికే మర్యాద అది. మెడలో మాల ఉన్నన్నాళ్లూ స్వామి. తీసిన మర్నాడు మళ్లీ మాలోడు.

ఆ మర్యాదకు ఖర్చు అమ్మ కట్టేది. మాది రెండు గదుల ఇల్లు. నెలసరి వస్తే అమ్మ బట్టల సంచి పట్టుకుని క్యాంప్-2లో పిన్ని వాళ్లింటికి పోయేది. నాకు పదమూడో ఏడు వచ్చాక నేనూ పోయాను. సంచి చూడగానే వీధంతటికీ విషయం తెలిసిపోయేది. స్వామి శుద్ధంగా ఉండాలంటే మేం ఇంట్లో ఉండకూడదు.

అందుకే 'ఐ యామ్ సారీ అయ్యప్ప' అన్న పాట మొదటిసారి విన్నప్పుడు నేను సంగీతం గురించి ఆలోచించలేదు. ఆ సంచి గురించి ఆలోచించాను.

పాట 2018 నాటిది. పాడింది ఉత్తర చెన్నై గానా గాయని ఇసైవాణి. బ్యాండ్ పేరు ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్. దర్శకుడు పా. రంజిత్ నీలం సాంస్కృతిక కేంద్రం, సంగీతకారుడు టెన్మా కలిసి 19 మందితో కట్టిన బృందం అది. తొలి కచేరీ 2018 జనవరి 6న చెన్నైలో. 19వ శతాబ్దం చివర్లో అయోతీదాస్ పండితర్ వాడిన 'కులం లేని తమిళులు' అన్న మాట నుంచి ఆ పేరు పుట్టింది.

మన క్యాంపస్‌లలో ఆల్టర్నేటివ్ రాక్ అంటే ఏమిటి? ఖరీదైన గిటార్, ఇంగ్లిషు పాట, ఒంటరి గది దిగులు. దేనికి ప్రత్యామ్నాయమో ఎవరూ అడగరు. ఈ బ్యాండ్ గిటార్ పక్కన పరై పెట్టింది. పరై అంటే మన డప్పుకు తోబుట్టువు. చావుకు పిలిచి, పెళ్లికి దూరం పెట్టిన వాయిద్యం. గానా కూడా ఉత్తర చెన్నై వాడల్లో చావు ఇళ్ల దగ్గర పెరిగిన పాటే. మగవాళ్ల గొంతులే వినిపించే ఆ గానాలోకి ఇసైవాణి వచ్చింది. 2020లో బీబీసీ వందమంది మహిళల జాబితాలో చేరింది.

ఇక ఆ పాటకు దక్కిన ఆదరణ చూడండి. 2018 సెప్టెంబర్ 28న సుప్రీంకోర్టు 4-1 మెజారిటీతో శబరిమలలోకి అన్ని వయసుల స్త్రీలనూ అనుమతించింది. దేశమంతా ఆ చర్చ సాగిన ఏడాది పాట ఇది. ఆడవాళ్లకు ఆ గుమ్మం ఎందుకు మూసారని దేవుణ్ణే అడుగుతుంది. ఆరేళ్ల తర్వాత, 2024 నవంబర్‌లో, సరిగ్గా మాలల సీజన్‌లో దాన్ని తవ్వి తీశారు. దేవుణ్ణి అవమానించిందని ఫిర్యాదులు, అరెస్టు డిమాండ్లు, ఫోన్‌లో బూతులు, బెదిరింపులు. చివరికి ఇసైవాణే పోలీసుల దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. ఆరేళ్లు ఎవరికీ నొప్పి పుట్టించని పాట ఒక్కరోజులో మనోభావాలను గాయపరిచిందంటే, ఆ గాయం పాటది కాదు, రాజకీయానిది. బ్యాండ్ 19 మందిదైనా, వేట మాత్రం పాడిన ఆడమనిషి మీదే.

ఇది మనకు కొత్త కాదు. 1927 మార్చి 20న మహాడ్ చెరువులో అంబేద్కర్ నీళ్లు తాగారు. సవర్ణులు ఆవు పేడ, మూత్రం, పాలు, పెరుగు నింపిన 108 కుండలతో ఆ చెరువును 'శుద్ధి' చేశారు. 2019 జనవరి 2న దళిత న్యాయవాది బిందు అమ్మిని, కనకదుర్గ శబరిమల గుడిలోకి వెళ్లొచ్చారు. గుడి మూసి మళ్లీ శుద్ధి. ఇసైవాణి గుడిలోకి కూడా వెళ్లలేదు. పాడింది, అంతే. ఆమె ఫోన్‌లోకి వచ్చిపడిన బూతులు కూడా ఆ శుద్ధికర్మలో భాగమే.

మా ఊరు భిలాయి పండవానీ గాయని తీజన్ బాయిని చూసి గర్వపడుతుంది. స్టీల్ ప్లాంట్ ఆమెకు ఉద్యోగమిచ్చింది, 2019లో దేశం పద్మవిభూషణ్ ఇచ్చింది. ఆడవాళ్లు కూర్చుని పాడాల్సిన చోట నిలబడి, మగవాళ్ల కాపాలిక శైలిలో పాడినందుకు ఒకప్పుడు ఆమెను వెలివేశారన్న సంగతి మాత్రం సన్మాన సభల్లో ఎవరూ పెద్దగా తలవరు. ఆడదాని గొంతును ఈ సమాజం పద్మం ఇచ్చి మెచ్చుకోగలదు, ఆ గొంతు భారతకథ చెప్తున్నంతవరకు. అదే గొంతు గుమ్మం ఎందుకు మూశారని అడిగితే పోలీస్ స్టేషన్.

ప్రగతిశీల మిత్రులు అంటారు: 'సంగీతం బాగుంది, మాటలే కాస్త రెచ్చగొట్టేలా ఉన్నాయి.' పరై మోత కావాలి, పరై కొట్టేవాడి మాట వద్దు. అంటే డప్పు కావాలి, డప్పు వెనకున్న వాడ వద్దు. దాన్ని ఫ్యూజన్ అంటారు. నేను దోపిడీ అంటాను.

మనవాళ్లలోనూ ఒక ప్రశ్న ఉంది: బాబాసాహెబ్ గుడిని వదిలి నాగపూర్‌లో బుద్ధుడి దగ్గరకు వెళ్లారు కదా, మనకు శబరిమల గొడవెందుకు? న్యాయమైన ప్రశ్నే. కానీ ఆయన 1930లో కాలారామ్ గుడి ముందు సత్యాగ్రహమూ చేశారు. విగ్రహం చూస్తే మన బతుకులు మారతాయని కాదు, మనల్ని మనుషులుగా ఒప్పుకుంటారా లేదా తేల్చుకోవడానికి. ఈ పాటా అదే పరీక్ష. ఫలితం 2024లో వచ్చింది. గుడికి వెళ్లాలా వద్దా అన్నది నేను తేల్చుకుంటాను. నా ఒంటిని మైల అనే హక్కు మాత్రం ఎవరికీ ఇవ్వను.

మొన్న సెలవులకు ఇంటికెళ్లినప్పుడు అమ్మకు పాట వినిపించి, తమిళ మిత్రురాలు చెప్పిన అర్థం తెలుగులో చెప్పాను. అమ్మ అంతా విని, 'ఇందులో తిట్టేముందే? అడిగింది, అంతేగా' అంది. నాన్న పక్కనే ఉన్నాడు, మాట్లాడలేదు. కాసేపటికి, 'ఆ సంచి ఇంకా ఉందా?' అన్నాడు.

ఉంది నాన్నా. సారీ చెప్పాల్సిన వాళ్లు వచ్చేదాకా ఉంటుంది.

జై భీమ్.