పేరులేని కొట్టుకే కార్డు అవసరం ఎక్కువ

పోచంపల్లి చీర కానివ్వండి, ఆత్రేయపురం పూతరేకులు కానివ్వండి, ఇంట్లో పెట్టిన ఆవకాయ కానివ్వండి, ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న వ్యాపారులు చాలామంది ఒకే దారిలో వెళుతున్నారు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో పెడతారు, వాట్సాప్‌లో ధర చెబుతారు, ‘ఈ నంబరుకు ఫోన్‌పే చేసి స్క్రీన్‌షాట్ పంపండి’ అంటారు. తెలిసినవాళ్ల మధ్య ఇది హాయిగా సాగుతుంది. ముక్కూమొహం తెలియని కొనుగోలుదారు వచ్చేసరికి బేరం అక్కడే ఆగిపోతుంది. చీర నచ్చింది, ధరా నచ్చింది, కానీ ఆ నంబరు వెనక ఎవరున్నారో తెలియదు. తన చేత్తో తాను పంపిన డబ్బును తిరిగి రాబట్టుకోవడం ఎంత కష్టమో ఈపాటికి అందరికీ తెలుసు. అమ్మేవారి బెంగ అమ్మేవారిది: దొంగ స్క్రీన్‌షాట్ చూసి సరుకు పంపేసి మోసపోయినవాళ్లున్నారు. ఈ రెండు భయాలకూ మందు ఒకటే అని నా నమ్మకం. సొంత వెబ్‌సైటు పెట్టుకున్న చిన్న వ్యాపారి పేమెంట్ గేట్‌వే, అంటే ఆన్‌లైన్ చెల్లింపులు వసూలు చేసిపెట్టే సేవ, తీసుకుని నేరుగా అక్కడే కార్డుకు అవకాశమివ్వాలి.

‘యూపీఐ ఉండగా కార్డెందుకు?’ అన్నది మొదటి ప్రశ్న. గేట్‌వే పెట్టుకుంటే ఆ పేజీలోనే యూపీఐ కూడా వస్తుంది, కాబట్టి ఒకటి వదిలి ఇంకొకటి పట్టుకోవాల్సిన పనిలేదు. అయితే కార్డుకున్న ప్రత్యేకత వేరే ఉంది. సరుకు రాకపోయినా, చూపించింది ఒకటై పంపింది మరొకటైనా, కొన్న మనిషి తన బ్యాంకుకు ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి అడగవచ్చు. దీన్నే ఛార్జ్‌బ్యాక్ అంటారు. చాలా సందర్భాల్లో దీనికి 120 రోజుల దాకా గడువుంటుంది. పెద్ద కంపెనీకి ఈ భరోసా అంతగా అక్కర్లేదు, దాని పేరే దానికి పూచీ. నిన్నగాక మొన్న తెరిచిన కొట్టుకు అలాంటి పూచీ ఎవరిస్తారు? కార్డు ఇచ్చిన బ్యాంకు ఇస్తుంది. మోసం జరిగితే బ్యాంకు ఉందన్న ధీమాతోనే కొత్త మనిషి కొత్త కొట్టులో మొదటిసారి కొంటాడు. డబ్బు తేలిగ్గా రావడం కంటే, అవసరమైతే వెనక్కి వెళ్లగలగడమే ఇక్కడ అమ్మకం తెస్తోంది.

సరిగ్గా ఇదే వ్యాపారులను భయపెడుతోంది. సరుకు తీసుకుని, రాలేదని అబద్ధమాడి డబ్బు లాక్కుంటే మా గతేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ మన దేశంలో 2009 ఆగస్టు నుంచి ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు రెండో ధ్రువీకరణను, సాధారణంగా ఓటీపీ రూపంలో, రిజర్వ్ బ్యాంకు తప్పనిసరి చేసింది. ఓటీపీ కొట్టి చేసిన చెల్లింపును తర్వాత ‘నేను చేయలేదు’ అంటే, ఆ నష్టం సాధారణంగా కార్డు ఇచ్చిన బ్యాంకు మీద పడుతుంది, అమ్మినవారి మీద కాదు. ఇక ముఖ్యంగా మిగిలేవి రెండు తగాదాలు: సరుకు అందలేదనేది, చెప్పినట్టు లేదనేది. మొదటిదానికి బిల్లు, కొరియర్ ట్రాకింగ్ నంబరు, అందినట్టు సంతకం చాలు. రెండోదాన్ని అమ్మకముందే ఆపవచ్చు. చీరను పగటి వెలుగులో ఫొటో తీసి, చేతి అద్దకంలో రంగు కాస్త అటూఇటూ ఉంటుందని ఆ ఫొటో కిందే రాయాలి. పచ్చడి సీసా మూత బిగించి, కవరు చుట్టి, అట్టపెట్టెలో పెట్టడం ఫోనులో వీడియో తీసి దాచుకోవాలి. ఫిర్యాదు వచ్చినప్పుడు గేట్‌వే జవాబుకు కొద్ది రోజులే గడువిస్తుంది. మోసపోయి కాకుండా, ఆ సంగతి చెప్పే మెయిల్ చూసుకోక ఓడిపోయేవాళ్లూ ఉంటారు. అన్నీ సక్రమంగా ఉన్నా ఒక్కోసారి నష్టం తప్పదు, అది నిజం. దాన్ని వ్యాపార ఖర్చు కింద రాసుకోవాల్సిందే. క్యాష్ ఆన్ డెలివరీలో గుమ్మం దగ్గర వద్దని తిప్పి పంపిన పార్సిళ్లకు రానూపోనూ కొరియర్ ఖర్చులు భరిస్తున్నవారికి ఈ లెక్క కొత్తేమీ కాదు.

ఇక ఖర్చు సంగతి. మన దేశంలో గేట్‌వేలు చెప్పే మామూలు రేటు 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ. 6,000 రూపాయల చీర మీద 120 రూపాయలు, పన్ను 21 రూపాయల 60 పైసలు, మొత్తం 141 రూపాయల 60 పైసలు. చిన్న మొత్తమని అనను. 150 రూపాయల లాభానికి అమ్మేవారికి ఇది మోయలేని భారమే. నూరిన్నూరు రూపాయల పొడులు, అప్పడాలు అమ్మేవారికి యూపీఐయే మేలు. ధర ఎక్కువై, కొనేవారి అనుమానం కూడా పెరిగే చోట మాత్రం, ఆ 141 రూపాయలు లేకపోతే అసలు జరగని అమ్మకాన్ని జరిపిస్తాయి. అదీగాక డెబిట్ కార్డుల విషయంలో చిన్న వ్యాపారికి రక్షణ ఉంది. ఏడాది టర్నోవరు 20 లక్షల లోపు ఉంటే ఆన్‌లైన్‌లో ఎండీఆర్ (చెల్లింపు మీద బ్యాంకులు వ్యాపారి నుంచి కోసుకునే రుసుము) 0.40 శాతం దాటకూడదని రిజర్వ్ బ్యాంకు 2018 జనవరి నుంచి పరిమితి పెట్టింది. రూపే డెబిట్ కార్డు, యూపీఐల మీద 2020 జనవరి నుంచి ఎండీఆర్ లేనే లేదు. గేట్‌వేలు తమ సేవా రుసుమును దీని మీద కలిపి అన్నిటికీ ఒకే రేటు చెప్పేసరికి ఈ తేడా వ్యాపారి కంట పడదు. ఏ కార్డుకు ఎంత కోశారో విడివిడిగా చూపమని అడగడం వ్యాపారి హక్కు. అడగకుండానే చూపించడం గేట్‌వేల బాధ్యత.

కార్డు నంబర్లు మన సైటులోంచి దొంగల పాలైతే ఎలాగన్న భయం కూడా వింటుంటాం. ఆ నంబరు మన దగ్గరికి రానే రాకూడదు. గేట్‌వే సొంత పేజీలోనే కొనుగోలుదారు వివరాలు కొడతాడు, మనకు చేరేది చెల్లింపు అయిందన్న కబురు, డబ్బు. కార్డు నంబర్లను వ్యాపారులు దాచుకోవడాన్ని రిజర్వ్ బ్యాంకు 2022 అక్టోబరు నుంచి పూర్తిగా ఆపించింది, ఇప్పుడు వాటి స్థానంలో ఉన్నవి టోకెన్లు, అంటే అసలు నంబరుకు బదులు వాడే మారు సంకేతాలు. ఫోనులోనో వాట్సాప్‌లోనో కార్డు నంబరు చెప్పమని అడిగే వ్యాపారి ఎంత మంచివాడైనా తప్పు చేస్తున్నట్టే.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువారికి అమ్మాలనుకుంటే కార్డు మరీ అవసరం. భారతీయ బ్యాంకు ఖాతా లేనివారికి మన యూపీఐ అందదు, వాళ్ల చేతిలో ఉండేది కార్డే. ఇక్కడ మాత్రం జాగ్రత్త పెంచాలి. మన ఓటీపీ నిబంధన విదేశీ బ్యాంకుల కార్డులకు వర్తించదు, రుసుము కూడా దాదాపు 3 శాతం ఉంటుంది. కార్డు ఒక దేశానిది, పార్సిల్ చిరునామా ఇంకో దేశానిది అయిన పెద్ద ఆర్డరు వస్తే, ఆ మనిషితో ఒకసారి మాట్లాడాకే సరుకు పంపాలి.

గేట్‌వే ఇచ్చేముందు కంపెనీలు పాన్, బ్యాంకు ఖాతా వివరాలతో పాటు వెబ్‌సైటులో చిరునామా, వాపసు నిబంధనలు కనిపించాలని పట్టుబడతాయి. చాలామంది దీన్ని తలనొప్పిగా భావించి, వేరే సైటులోంచి ఇంగ్లిష్ పాఠాన్ని ఎత్తి అతికిస్తారు. రేపు తగాదా వస్తే బ్యాంకు చదివేది ఆ పాఠాన్నే. డ్వాక్రా సంఘాలకూ చేనేత సహకార సంఘాలకూ ఆన్‌లైన్ అమ్మకాలు నేర్పేవాళ్లు ఫొటోలు తీయడం, పేజీ తెరవడం దగ్గర ఆగిపోకూడదు. వాపసు నిబంధన సొంత మాటల్లో రాసుకోవడం, ఛార్జ్‌బ్యాక్‌కు జవాబివ్వడం, గేట్‌వే బిల్లు చదవడం కూడా నేర్పాలి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ తమ శిక్షణల్లో ఈ మూడింటినీ వెంటనే చేర్చాలి.