ముందు రొట్టె, తరువాతే ప్రశ్న

ఉదయం ఆరున్నరకు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో పరుగు మొదలవుతుంది. ‘ఇంకా లేవలేదా?’, ‘రాత్రంతా ఫోనేనా?’, ‘లెక్కల్లో మార్కులెందుకు తగ్గాయి?’ స్కూలు బస్సు వచ్చేలోగా పిల్లల చెవిన పడేవి ఇవే. ఇడ్లీ సగంలో వదిలేసి, మాట్లాడకుండానే వాళ్ళు లిఫ్టు ఎక్కేస్తారు. అందులో విశ్వాసుల ఇళ్ళూ ఉన్నాయి.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతంలో చాలామంది గడియారం అమెరికాతో ముడిపడింది. ఇక్కడ రాత్రి తొమ్మిదైతే న్యూయార్క్‌లో పనివేళ. అమ్మానాన్నల కాల్స్ ముగిసేసరికి ఏ పదకొండో అవుతుంది. పైగా యుక్తవయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ ఆలస్యంగా విడుదలవుతుందని వైద్యులు చెబుతారు. 13 నుంచి 18 ఏళ్ళ వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికాలోని నిద్రా వైద్యుల సంఘం 2016లో సూచించింది. కాబట్టి లేవలేని పిల్లలందరూ సోమరులు కారు.

యోహాను సువార్త 21వ అధ్యాయంలో ఒక ఉదయం మనకు కనిపిస్తుంది. శిష్యులు రాత్రంతా వలలు వేసి అలసిపోయారు. ప్రభువును ఎరుగనని ముమ్మారు బొంకిన పేతురు వారిలో ఉన్నాడు. తేల్చుకోవలసిన పెద్ద విషయమే అది. అయినా తిరిగి లేచిన ప్రభువు ఒడ్డున నిప్పుల మీద చేపలు, పక్కన రొట్టె సిద్ధం చేసి వారిని భోజనానికి పిలిచాడు. వారు తిన్న తరువాతే పేతురును ప్రశ్నించాడు. అదీ ప్రేమను గురించిన ప్రశ్న. ఆయన ప్రశ్నను దాటవేయలేదు, దానికి తగిన వేళ చూశాడు.

ఇలాగైతే క్రమశిక్షణ పోదా అని కొందరు అడగవచ్చు. పిల్లలకు కోపం రేపవద్దన్న మాట, ప్రభువు శిక్షలో పెంచమన్న మాట ఎఫెసీ 6:4లో ఒకే వచనంలో ఉన్నాయి. మార్కుల సంగతి సాయంత్రం కూర్చుని మాట్లాడదాం. పుస్తకాల సంచి, యూనిఫాం రాత్రే సర్దుకునే బాధ్యత పిల్లలకే అప్పగిద్దాం. వాళ్ళ ఫోన్లతోపాటు మన ఫోన్లనూ పడకగది బయటే పెడదాం. ఉదయం పక్కన కూర్చుని టిఫిన్ పెట్టి, తలమీద చెయ్యి ఉంచి, ఆనాటి పరీక్షను ప్రస్తావిస్తూ రెండు మాటల ప్రార్థన చేద్దాం. ఒక్క నిమిషం చాలు. పిల్లలూ, మొదటి పిలుపుకే లేస్తే అమ్మ గొంతు కూడా మెత్తబడుతుంది.

ఒడ్డున ఉన్నది ప్రభువని తెలియగానే పేతురు నీళ్ళలోకి దూకి ఆయన దగ్గరికే వెళ్ళాడు. తప్పు చేసిన శిష్యుడు పారిపోలేదు. రేపు మన బిడ్డ నిజంగా పెద్ద చిక్కులో పడితే, పరుగెత్తుకుని మన దగ్గరికే రావాలి కదా! ఆ నమ్మకం పిల్లల్లో రోజూ ఉదయం కొద్దికొద్దిగా పెరుగుతుంది, లేదా తరుగుతుంది. రేపటి ఉదయం నుంచే ప్రభువు మన బల్ల దగ్గర ఆ నెమ్మది దయచేయును గాక.