రిటైరయ్యేది ఎవరు?

కూర్మన్నపాలెం కూడలిలో టీ బడ్డీ ముందు నిలబడి, ముక్కూమొహం తెలియని మగవాళ్లతో రాజకీయాలు వాదించే ఆడదాన్ని మన సమాజం మర్యాదస్తురాలిగా లెక్కించదు. 2025 మే నెలాఖరులో నేనా పని చేశాను. ఉక్కు కర్మాగారం కాంట్రాక్టు కార్మికులు మే 20 నుంచి సమ్మెలో ఉన్నారు. వాళ్లలోని స్త్రీలతో మాట్లాడి, తిరిగి వెళ్లడానికి బస్సు కోసం ఆగాను. పక్కనే ముగ్గురు వాదించుకుంటున్నారు. ఒకాయన ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాడు. రెండో ఆయన స్వచ్ఛంద పదవీ విరమణకు దరఖాస్తు పెట్టుకున్నాడు. మూడో ఆయన బడి మేష్టారు. 2004 సెప్టెంబరు 1 తర్వాత ఉద్యోగంలో చేరాడు కనుక పాత పింఛను దక్కని వాడు.

వాళ్ల కోపంలో న్యాయముందని ముందే చెప్పేస్తాను. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోతే వచ్చిన కర్మాగారమిది. దీన్ని నూటికి నూరు శాతం అమ్మడానికి 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం ఒప్పుకుంది. ఆ ఫిబ్రవరిలోనే ఈ కూడలిలో దీక్షా శిబిరం వెలిసింది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. ఆ చేత్తో డబ్బిచ్చి ఈ చేత్తో మనుషుల్ని తగ్గించడం మొదలుపెట్టారు. ప్రభుత్వరంగాన్ని కాపాడుకోవాలన్న విషయంలో నేను వాళ్ల పక్షమే.

తగాదా వేరేచోట వచ్చింది. "సమ్మెలో ఉన్న ఆడవాళ్లు ముసలివాళ్లయ్యాక వాళ్ల సంగతేమిటి?" అనడిగాను. "వాళ్లది ఉద్యోగం కాదు కదమ్మా, పని" అన్నాడు రిటైరైనాయన. మరి మీ ఇంట్లో ఆవిడది అంటే, "మా ఆవిడకి రిటైర్మెంటే లేదు మేడమ్, అదృష్టవంతురాలు!" అన్నాడు. ముగ్గురూ నవ్వారు. టీ పోసే అతనూ నవ్వాడు.

ఆ నవ్వు నాకింకా చెవుల్లో ఉంది.

పింఛను దయాధర్మం కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పింఛనుదారుల సభల్లో ఈ తీర్పు మాట రాకుండా ఉండదు. మేష్టారు కూడా దాన్నే ఎత్తాడు. సరే, చేసిన సేవ ఎవరిది? మూడు షిఫ్టుల ఉద్యోగం ఒక్క మనిషి చేసేది కాదు. తెల్లవారుజామున క్యారేజీ కట్టి పంపిందెవరు? రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకునే మనిషి నిద్ర చెడకుండా పిల్లల నోళ్లు మూయించిందెవరు? 2024 నాటి కేంద్ర ప్రభుత్వ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసేవారిలో స్త్రీలు దానికి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తే, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఈ చాకిరీకి జీతమూ లేదు, సెలవూ లేదు, అరవయ్యో ఏడూ లేదు.

పైగా ఆయన రిటైర్మెంటు ఆమెకు అదనపు డ్యూటీ. రోజంతా ఇంట్లో ఉండే మనిషికి పదకొండు గంటలకు ఒక టీ, నాలుగింటికి ఇంకొకటి. ఉక్కునగరం క్వార్టరు ఖాళీ చేయాలి. ఇరవై ఏళ్లుగా ఆమె కట్టుకున్న లోకమంతా, ఇరుగుపొరుగు, చీటీల స్నేహితురాళ్లు, జాకెట్లు కుట్టించుకునే ఖాతాదార్లు, ఆ క్వార్టరు చుట్టూనే ఉంటుంది. దరఖాస్తు పెట్టేముందు ఇంట్లో అడిగారా అని రెండో ఆయన్ని అడిగాను. "చెప్పాను" అన్నాడు. అడగడానికీ చెప్పడానికీ తేడా ఆయనకు తట్టలేదు.

ఇక ఆ "ఉద్యోగం కాని పని" సంగతి. ఆ ఉదయం నాతో మాట్లాడినామె నిర్వాసితుల ఊరి కోడలు. ఆర్ కార్డు మామగారి పేరు మీద, ఉద్యోగం బావగారికి. ఆమె కాంట్రాక్టు కింద ఊడ్చే పనిలో చేరింది. కాంట్రాక్టరు మారినప్పుడల్లా పీఎఫ్‌కు కొత్త ఖాతా. పాతది కలపకపోయినా, పిల్ల పెళ్లికని మధ్యలో పింఛను సొమ్ముతో సహా తీసేసుకున్నా ఆ ఏళ్లు లెక్కలోకి రావు. పదేళ్ల సర్వీసు లెక్క తేలకపోతే నెలవారీ పింఛనే లేదు. తేలినా ఏం దక్కుతుంది? ఆ పథకంలో కనీస పింఛనుగా 2014 సెప్టెంబరులో నిర్ణయించింది నెలకు వెయ్యి రూపాయలు. "మాకేటి రిటైర్మెంటమ్మా, సేతులు ఆడకపోతే అదే" అందామె.

రాష్ట్ర ప్రభుత్వ సామాజిక పింఛనుందిగా అంటారు. ఉంది. 2024లో దాన్ని 4,000 చేశారు, మంచిదే. కానీ సాధారణంగా ఇంటికి ఒక్కటే. భర్తకు వస్తుంటే భార్యకు రాదు. ఆయన పోతే మరుసటి నెల నుంచే ఆమెకిస్తామని 2024 చివర్లో గొప్పగా ప్రకటించారు. అంటే ఆమె ముసలితనం ఆయన చావుతో మొదలవుతుందన్నమాట.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. డాక్టరేటు కోసం ఇంటింటి సర్వే చేసిన రోజుల్లో, తెల్లారి లేచి పేడెత్తి పాలు పిండి వచ్చి నా ఎదురుగా కూర్చున్న స్త్రీల "వృత్తి" గడిలో "ఏమీ లేదు" అని నా చేత్తోనే రాశాను. ఆ పట్టికలతోనే పట్టా వచ్చింది. టీ బడ్డీ దగ్గర నవ్విన మగవాళ్ల మీద నాకంత కోపం రావడానికి అదీ ఒక కారణం కావచ్చు.

మేష్టారి చివరి వాదన మనకందరికీ అలవాటైనదే: "ఇవన్నీ ఇప్పుడు తెస్తే ఉద్యమం చీలిపోతుందండీ. ముందు ప్లాంటు దక్కనివ్వండి." ఎప్పుడు తేవాలో మాత్రం చెప్పరు. అంగన్‌వాడీలు గ్రాట్యుటీకి అర్హులని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పినా, 2023 డిసెంబరులో మన రాష్ట్రంలో వాళ్లు అదే అడుగుతూ రోడ్డెక్కవలసి వచ్చింది. నలభై రెండు రోజులు కూర్చున్నారు, ఎస్మా పెట్టినా లేవలేదు. "మీరిచ్చేది గౌరవ వేతనం, మేం చేసేది ఉద్యోగం" అని నిలబడ్డారు. వాళ్లవల్ల ఏ ఉద్యమం చీలింది? ఉద్యమాన్ని చీల్చేది అడిగినవాళ్లు కాదు. తమ కోర్కెల పత్రంలో ఊడ్చేవాళ్ల, వండేవాళ్ల పింఛనుకు ఒక్క వాక్యం చోటివ్వనివాళ్లు.

ఈ మాట గట్టిగానే అన్నాను. బస్సు వచ్చింది. మేష్టారు ఎక్కలేదు. "ఆ పదేళ్ల లెక్క ఎలా కలపాలో ఒకసారి చెప్పండి, మా బడిలో వంట చేసే ఆవిడ కోడలు ప్లాంటులోనే పనిచేస్తుంది" అన్నాడు. నేనూ ఆ బస్సు వదిలేశాను.